చెరువు కడుపులో మామిడితోట

నీళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. పొలం ఉన్నవాడు నీళ్ళు చూశాడంటే అర్థముంది. గొడ్లున్నవాడు చూశాడంటే అర్థముంది. ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్ళొచ్చే మనుషులు తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి వానలో తడుస్తూ వచ్చి, మా చెరువుకట్ట మీద నిలబడి "అబ్బ, ఎన్ని నీళ్ళో!" అంటూంటే ఆ నోళ్ళలో ఇంత మట్టి కొట్టాలనిపించేది. ఆ వానాకాలమంతా నాకు అదే కోరిక.

మా ఊరు కార్వేటినగరానికి అవతల, కొండ కింద. ఊరికి తూర్పున దొరసాని చెరువు. ఇరవైమూడేళ్ళు ఆ చెరువు నిండలేదు. వానకు నాలుగు గుంటలు తడిసేవి, గొర్రెలు తాగేవి, మళ్ళీ నెర్రెలిచ్చేవి. ఆ ఏడు కార్తీకంలో నాలుగు రోజులు విడవకుండా కొట్టింది వాన. ఐదోరోజు తెల్లారేసరికి చెరువు నిండి, మొరవ మీదుగా, అంటే అలుగు మీదుగా, నీళ్ళు పొర్లి వంకలోకి దూకుతున్నాయి. ఊరంతా కట్ట మీదికి పరుగెత్తింది. ముసలమ్మలు పసుపు కుంకుమ చల్లారు. మా నాయన మోకాళ్ళ మీద కూర్చుని, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని తలమీద పోసుకున్నాడు.

నేనొక్కడినే కట్ట మీదికి పోలేదు. చెరువు పైతట్టున గట్టు మీద నిలబడి నా తోటను చూస్తూ ఉన్నాను. నూటపది బెంగుళూరా మామిడి చెట్లు. తొమ్మిదేళ్ళవి. మొదళ్ళు కనిపించడం లేదు. గొంతులోతు నీళ్ళలో దొంగల్ని నిలబెట్టినట్టు, పచ్చటి తలకాయలు మాత్రం వరసగా పైకి తేలి ఉన్నాయి.

అవును, చెరువు కడుపులోనే పెట్టాను ఆ తోటను. ఎందుకు పెట్టావని ఊరు అడిగింది, ఆఫీసువాళ్ళు అడిగారు, మీరూ అడుగుతారు. మాది నీరుగంటోళ్ళ ఇల్లు. తూము తీసేది, మూసేది, ఏ కయ్యకు ఎన్ని నీళ్ళో పంచేది తాతల నాటి నుంచి మా ఇంటి పని. తూముకొయ్య మీద మా చేయి తప్ప ఇంకొకరి చేయి పడకూడదు. అది కట్టుబాటు. అందుకు ప్రతి కళ్ళంలోనూ గింజల్లో మాకు ఇంత వాటా, మేర. వేరే భూమి లేదు. నీళ్ళే మా భూమి. ఆ నీళ్ళు ఇరవైమూడేళ్ళు రాకపోతే నీరుగంటివాడు ఏం తినాలి? ఆరో తరగతితో బడి మానేసినవాడికి ఎవరు ఉద్యోగమిస్తారు? కట్ట కింద పట్టాభూములున్న రైతులే చెరువులోపల చెనక్కాయలు వేసుకుంటూంటే, నేను పైతట్టున రెండెకరాలు చదును చేసి అంట్లు నాటాను.

"చెరువులో సెట్లు పెట్టేదేందిరా? నీరుగంటోడు చేసే పనేనా అది? నీళ్ళొస్తాయి," అన్నాడు నాయన ఆనాడే.

"యాడొస్తాయి నాయనా? నీ జన్మలో రావు," అన్నాను నేను.

మూడేళ్ళు బిందెలతో మోసి పోసి బతికించాను. వాన మొదలవగానే చెనక్కాయలు వేసినవాళ్ళు పీక్కుని పోయారు. చెట్టును పీక్కుని ఎక్కడికి పోను?

మొదట చుట్టుపక్కల పల్లెలవాళ్ళు వచ్చారు. అది మా వైపు ఉన్నదే. వానలు పడిన ఏడు ఏ చెరువు నిండింది, ఏ మొరవ పోతోంది అని జనం ఊరూరా తిరిగి చూసి వస్తారు. నీళ్ళ మొహం ఎరగని సీమ కదా. తర్వాత ఎవడో నా తోటను ఫోనులో తీసి, 'నీళ్ళలో మామిడితోట' అని పేరు పెట్టి ఊరిమీదికి వదిలాడు. అంతే, కార్లు మొదలయ్యాయి. పెద్ద హంగామా ఏమీ లేదు. పడవలు లేవు, టిక్కెట్లు లేవు. తుంపరలో గొడుగులు పట్టుకుని వచ్చేది, ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడుచుకుని కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది, మొరవ కింద కాళ్ళు తడుపుకునేది, నా చెట్లకు వీపు తిప్పి నిలబడి ఫోటో తీసుకునేది, పోయేది.

ఒకామె నన్నే పిలిచి అడిగింది. "అన్నా, ఇవి నీళ్ళలో పెరిగే జాతి చెట్లా?"

"కాదమ్మా. నీళ్ళల్లో సచ్చే జాతి."

ఆమె మొగుడు పగలబడి నవ్వాడు. "భలే మాట్లాడతాడే ఈయన," అని ఆమెతో అన్నాడు. నా భుజం తట్టి పోయాడు. ఆ చేయి పడిన చోట నాకు సాయంత్రం దాకా చిరచిరలాడింది.

బయటివాళ్ళ సంగతి సరే, నా ఇంటివాళ్ళు? నా పెళ్ళాం లోకేశ్వరి కట్ట చివర నాలుగు గుంజలు పాతి, పైన పట్ట కట్టి, బోండాల బాణలి పెట్టింది. నేను పోయి పొయ్యి తన్నబోయాను.

"నా తోట మునిగిన నీళ్ళ పక్కన బోండాలమ్ముతావా? సిగ్గుందా?"

"మునిగినదానికి ఇద్దరం కూసోని ఏడిస్తే పొయ్యి వెలగతాదా? నువ్వు ఏడువు. నేను నూనె కాగబెడతా," అంది. జాలిగరిటె నా వైపే ఆడించింది. "కాలు తియ్యి. తగిలితే నూనె ఒలికేది నీ మీదే."

ఇక మా నాయన. ఆయనకు డెబ్బైఎనిమిది. ఇన్నేళ్ళూ అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ ముడుచుకుని కూర్చున్న మనిషి, చెరువు నిండగానే పెళ్ళికొడుకు అయిపోయాడు. చెరువులో నీళ్ళున్నన్నాళ్ళు నీరుగంటివాడు రోజూ తెల్లవారుతూనే తూముకు పసుపు కుంకుమ పెట్టాలి. కట్టకు పది బారల దూరంలో నీళ్ళలో రెండు రాతిస్తంభాలు. వాటికి అడ్డంగా రెండు బండలు, ఒకటి నీళ్ళ పైన, ఒకటి నీళ్ళ లోపల. ఆ బండల బొక్కల్లోంచి కిందిదాకా దిగిన పొడుగాటి కొయ్య. దాని అడుగున తూము నోట్లో బిగిసే బిరడా. కొయ్య లేస్తే నీళ్ళు కాలవలో పడతాయి, దిగితే ఆగుతాయి. నాయన రోజూ పొద్దున్నే కట్ట నుంచి స్తంభాల దాకా ఉన్న మునిగిన రాతిచప్టా మీద నడుంలోతు నీళ్ళలో నడిచిపోయి, ఆ స్తంభాలకు పసుపు పూసి వచ్చేవాడు. తడిపంచె పిండుకుని, గొడుగు వేసుకుని కట్ట మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళకు దొరసాని కథ చెప్పేవాడు. ఒకరోజు దొరసాని పల్లకీలో వచ్చి చెరువు తవ్వించింది, ఇంకోరోజు ఏనుగు మీద వచ్చింది. ఒకరోజు ఆమెకు ఏడుగురు కొడుకులు, మరోరోజు గొడ్రాలు.

"నిన్న ఏడుగురంటివి కదా నాయనా?" అన్నాను ఒకసారి, ఆ జనం ముందరే.

"నిన్నటోళ్ళు వేరే, ఈ పొద్దుటోళ్ళు వేరే. నీకేం పోయిందిరా?"

"నాకేం పోయిందా? అటు తిరిగి సూడు, కనిపిస్తాది ఏం పోయిందో."

నాయన నా తోట వైపు చూశాడు. కొంచెం సేపే చూశాడు. ఆరిపోయిన చుట్టను మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

పద్దెనిమిదో రోజున నవాజ్ వచ్చాడు. వాళ్ళది బంగారుపాళ్యం. పూత మీద తోటలు మాట్లాడుకుని కాయ దించే వ్యాపారం. రెండేళ్ళుగా నా కాయ అతనిదే. వాళ్ళావిడ సుమయ్యాతో, బిరియాని డబ్బాతో, ఒకటే గొడుగుతో వచ్చాడు. అందరిలాగే చెరువు చూడటానికే. ఆమెను కట్ట మీద వదిలి, నేనున్న గట్టు మీదికి బురదలో ఎక్కి వచ్చాడు.

"చెంగయ్యన్నా, సుమయ్యా నీళ్ళు చూస్తానంటే పిలుచుకోనొచ్చినా. తప్పుగా అనుకోవద్దు."

"సూడండప్పా. అందురూ సూస్తా ఉండారు. మీరేం తక్కువ?"

అతను నీళ్ళలోకి దిగి, ఒక కొమ్మ వంచి, ఆకు తుంచి రెండుగా మడిచి చూశాడు. వాసన చూశాడు.

"ఇంకా ఉండాదన్నా పాణం. వేరుకు ఊపిరాడాల గదా. నెలన్నర తట్టుకుంటాది. అది దాటితే ఆకు ఎర్రబడతాది. ఆపైన దేవుడు దిగొచ్చినా లేదు."

"మనిషి గొంతులోతుండాయి నీళ్ళు."

"ఆ గొంతులోతు తగ్గితే సాలన్నా. మిగతా చెరువంతా ఉన్నా పరవాలేదు." తల తిప్పి తూము స్తంభాల వైపు చూశాడు. "మీ ఇంటి తూమే కదా..." అని, అన్నందుకు నాలుక కరుచుకున్నాడు.

పోతూ సుమయ్యా బిరియాని డబ్బా మా ఇంటికే ఇచ్చి పోయింది. నేను ముట్టలేదు. లోకేశ్వరి తిన్నది, నాయన తిన్నాడు. బాగుందన్నారు కూడా.

మర్నాడు రాజారత్నం దగ్గరికి పోయాను. చెరువు కింది రైతులందరికీ అతనే పెద్ద. నాయన కంటే పదేళ్ళు చిన్నవాడు. అయినా ఎప్పుడూ 'ఒరే నారాయణా' అనే పిలిచేవాడు. చెరువు నిండిన రోజు నుంచి మాత్రం 'పెద్దాయన' అంటున్నాడు. అతని పంచలో పదిమంది కూర్చుని విత్తనాల సంగతి మాట్లాడుకుంటున్నారు. ఇరవైమూడేళ్ళ తర్వాత వరి నాటబోతున్నారు, ఒక్కొక్కడి మొహం వెలిగిపోతోంది. నేను నిలబడే చెప్పాను. ఇప్పుడే తూము తీస్తే గొంతులోతు దిగుతుంది, నా చెట్లు బతుకుతాయి, మిగిలిన నీళ్ళు మీకు చాలుతాయి అన్నాను.

"పైన ఉండే గొంతులోతేరా చెరువులో సగం నీళ్ళు," అన్నాడు రాజారత్నం. "నాట్లకు ఇంకా నెల ఉండాది. అంతదాకా బొట్టు కదలగూడదు. నీరుగంటోడి కొడుకువి, నీకు నేను సెప్పల్నా?"

"నా సెట్లు సస్తాయన్నా."

"పట్టా ఉండాదా నీకు?"

లేదని అతనికి తెలుసు. అందరి వైపూ చూసి నవ్వాడు. "చెరువు కడుపులో తోట పెట్టినోడు, చెరువుకు కడుపొస్తే ఏడస్తా ఉండాడు సూడండప్పా!"

పంచ అంతా గొల్లుమంది. ఆ నవ్వు నా వీపు మీద మోసుకుని ఇంటికొచ్చాను. నాయన అరుగు మీద ఉన్నాడు.

"నువ్వు తియ్యి నాయనా తూము. నీ చెయ్యే కదా. నిన్నెవురు అడగతారు?"

"చెరువు ఊరిదిరా."

"చెరువు ఊరిదైతే, నేనెవురివాణ్ణి?"

నాయన చుట్టను నేలకు రాసి ఆర్పాడు. ఆ పూట నుంచి నేను ఆయనతో మాట మానేశాను. ఎదురుగా వచ్చినా తల తిప్పుకున్నాను. ఆయన ఒకటి రెండుసార్లు "ఒరే సెంగా" అని పిలిచాడు. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి పోయాను. పిలిచినా పలకనివాణ్ణి ఎన్నిసార్లని పిలుస్తారు? మూడోసారి పిలవలేదు.

ఐదారు రోజులకు ఒక సంగతి గమనించాను. వాన ముసురు పట్టే ఉంది, మొరవ మాత్రం ఆగిపోయింది. నా చెట్ల మొదళ్ళ మీద తడిచార కింద మరో తడిచార. నీళ్ళు దిగుతున్నాయి. రోజుకు నాలుగేసి వేళ్ళు. కట్ట మీద ఊరివాళ్ళు కూడా మాట్లాడుకున్నారు. నాయన వాళ్ళతో అనడం విన్నాను, "ఇరవైమూడేండ్లు ఎండిన నేలప్పా, తాగదా? తాగనీ." అదే నిజమని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. ఆకలిగొన్నవాడు అన్నం ఎక్కడిదని అడగడు.

రోజూ పొద్దున్నే పోయి చెట్టు మొదలును తడిమి చూసుకునేవాణ్ణి. జానెడయింది, మూరెడయింది, మూరన్నర అయింది. ఒకనాడు లోకేశ్వరి పట్ట కిందికి పోయి, పిలవకుండానే కూర్చుని, టీ తీసుకుని తాగాను. అది నన్ను వింతగా చూసి ఒక బోండా కూడా పెట్టింది. ఆ రోజే ఒకాయన ఫోను ఇచ్చి "మా అందరినీ ఒక ఫోటో తీస్తావా అన్నా?" అంటే తీశాను. వెనక నా చెట్లు బాగా పడేట్టు, రెండడుగులు పక్కకు జరిగి మరీ తీశాను.

ముప్ఫైనాలుగో రోజు ఆదివారం. అంతకు ముందు మూడు రోజులు వాన లేదు. ఆ పొద్దు మధ్యాహ్నానికి మళ్ళీ తుంపర మొదలైంది. కట్ట నిండా జనం. రాజారత్నం నలుగురు రైతులను వెంటేసుకుని, అన్న కొడుకు చక్రధర్‌తో కట్ట మీదికి వచ్చాడు. వస్తూనే అరుపు.

"ఎవురురా తూము తీసింది?"

బోండాలు తినేవాళ్ళు నములుతున్నది ఆపారు.

"కంప కొట్టను పోతే కాలవలో నీళ్ళు గలగలా పోతా ఉండాయి. ఇన్నాళ్ళూ వాన నీళ్ళనుకుంటిమి. వాన లేక మూడు దినాలాయె. యాడివిరా ఈ నీళ్ళు? రెండు మూరలు దిగిపోయింది చెరువు!" వేలు నా మీదికి వచ్చింది. "నీరుగంటోడి ఇంట్లో దొంగ పుట్టినాడు."

నాయన పక్కనే ఉన్నాడు, తిరుపతి వాళ్ళెవరికో కథ చెబుతూ. లేచి నాలుగడుగులు వచ్చాడు.

"పాత తూము కదా రాజారత్నం. కొయ్య అరిగిపోయింటాది. సందులో నీళ్ళు ఓటు పోతా ఉండాయేమో. రేపు నేను సూస్తాలే."

రాజారత్నం బుస కొట్టాడు, మీసం తుడుచుకున్నాడు. "పెద్దాయన నువ్వు సెప్తా ఉండావు కాబట్టి సరే. రేపు ఆ ఓటు మూసెయ్యల్ల," అని వెనక్కి తిరిగాడు.

అక్కడితో అయిపోవలసింది. వెనక్కి తిరిగాడు కదా మనిషి. కానీ నాకు లోపల ఏదో తెగింది. తొమ్మిదేళ్ళ చెట్లు, పంచలో నవ్వు, భుజం తట్టిన చేయి, అన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చాయి.

"ఏం సరే?" అని అరిచాను. "ఇంతమంది ముందర దొంగ అనేసి, సరే అంటే అయిపోతాదా? నేను దిగతా. మీ మనిషిని గూడా దించు. కొయ్య లేసి ఉంటే ఈ చెయ్యి ఈడనే నరుకు!"

"ఒరే సెంగా, వద్దురా," అన్నాడు నాయన. "సలి నీళ్ళు."

"నువ్వు గమ్మునుండు నాయనా!"

రెండు వారాల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది.

చొక్కా విప్పి పడేసి చప్టా మీద నడిచిపోయాను. వెనక చక్రధర్ కూడా చొక్కా విప్పుతున్నాడు. ఈతగాడు వాడు. స్తంభాన్ని పట్టుకుని ఊపిరి బిగించి మునిగాను. నీళ్ళు ఎర్రమట్టి కలిసి కళ్ళకేమీ కనిపించలేదు. కొయ్యను తడుముకుంటూ దిగాను. లోపలి బండ తగిలింది. బండ మీద, కొయ్యకున్న బొక్కలో అడ్డంగా ఒక చీల. కొత్తగా చెక్కిన వేపచీల. కొయ్య కిందికి జారకుండా దాని మీద ఆని ఉంది. చీల ఊడిపోకుండా గుడ్డపేలిక చుట్టి ముడేసి ఉంది. ఆ ముడి నా వేళ్ళకు తెలుసు. చిన్నప్పుడు బావిలో ఈత నేర్పేటప్పుడు నా నడుముకు బెండు కట్టి నాయన వేసే ముడి. లాగితే బిగిసేది, రెండో కొస పట్టుకుంటే ఊడేది.

పైన దబ్బుమని చప్పుడు. చక్రధర్ నీళ్ళలోకి దూకాడు.

రెండో కొస పట్టుకుని లాగాను. పేలిక ఊడి నీళ్ళలోకి పోయింది. చీలను గుద్ది బయటికి లాగాను. కొయ్య దిగి తూము నోరు మూసుకున్న చప్పుడు నా రొమ్ముకు తగిలింది.

పైకి లేచాను. చక్రధర్ బండ పట్టుకుని వేలాడుతున్నాడు. "ఏముండాదన్నా లోపల?" అన్నాడు.

చీలను పైకెత్తి కట్ట మీది వాళ్ళందరికీ కనిపించేట్టు పట్టుకున్నాను.

"ఇదిగో. నేనే పెట్టినా. ఇప్పుడు తీసేసినా."

రాజారత్నం కాండ్రించి నీళ్ళలోకి ఉమ్మాడు. నలుగురైదుగురు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను నాయనను చూస్తున్నాను. ఆయన నోరు తెరుస్తాడని చూశాను. ఒకసారి ఊపిరి పీల్చి వదిలేంత సేపు చూశాను, ఇంకోసారి పీల్చి వదిలేంత సేపు చూశాను. నాయన గొడుగును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"దొరసాని ఏమయింది తాతా, చెప్పలేదు?" అని అడిగింది ఆ తిరుపతి ఆమె, ఏం జరుగుతోందో తెలియక.

నాయన ఆమె వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

ఊరు ఆ సాయంత్రమే తీర్మానం చేసింది. తూము దరిదాపుల్లో నేను కనిపించకూడదు. పెద్దాయన ముఖం చూసి ఈ ఏటికి తూము ఆయన చేతే తీయిస్తారు. ఆయన తర్వాత ఆ కొయ్య మా ఇంటిది కాదు.

నేను ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోకేశ్వరి దండెం మీది తడిబట్టలు తీస్తూ అంది, "నువ్వు తీసినావంటే ఊరు నమ్మతాది. నేను నమ్ముతానా? నువ్వు నీళ్ళలో దిగింటే ఆ బట్టలు పిండేది నేనే కదా. ఈ నెలలో ఈ ఇంట్లో దినామూ తడిసింది ఒక్క..."

అంటూ చేతిలో ఉన్నదాన్ని చూసింది. నాయన పంచె. మిగతా మాట మింగేసి, దాన్ని మడిచి పెట్టె మీద పెట్టి, పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ తర్వాత నీళ్ళు కదలలేదు. తొడలోతున నా చెట్లను పట్టుకుని అట్లాగే నిలబడ్డాయి. నలభైఎనిమిదో రోజు మొదటి ఆకు ఎర్రబడింది. వారానికి తోటంతా తుప్పు రంగు. చూడటానికి వచ్చేవాళ్ళు రెట్టింపయ్యారు. పచ్చగా ఉన్నప్పటికంటే ఇప్పుడే ఫోటో బాగా వస్తోందట.

మార్గశిరం వెళ్ళిన మూడోనాడు తూము తీశారు. పలకలు వాయించారు. నాయనకు కొత్త పంచె కట్టించి, మెడలో చామంతి దండ వేసి, చప్టా మీద నడిపించుకుని పోయారు. చక్రధర్ ఒక పక్క పట్టుకున్నాడు. నేను కట్ట మీద, కార్లలో వచ్చినవాళ్ళ మధ్యలో నిలబడ్డాను. నాయన రెండు చేతులతో కొయ్య పట్టుకుని ఎత్తాడు. డెబ్బైఎనిమిదేళ్ళ మనిషి, ఒక్క ఊపులో ఎత్తాడు. కాలవలో నీళ్ళు విరుచుకుపడ్డాయి. జనం కేకలు వేశారు.

"ఎవరన్నా ఆ పెద్దాయన?" అని నా పక్కనున్నాయన అడిగాడు.

"నీరుగంటి."

"మీది ఈ ఊరేనా?"

"కాదప్పా," అన్నాను. "నేనూ సూసేదానికి వచ్చినా."

మాఘంలో నీళ్ళు నా తోటను వదిలి కిందికి దిగిపోయాయి. కట్ట కింద వరి పచ్చగా లేచింది. వానలు పోయాయి, కార్లు పోయాయి. లోకేశ్వరి పట్ట విప్పి, బాణలిని ఊరి బస్టాండుకు మార్చింది. నేను గొడ్డలి తీసుకుని బురదలోకి దిగాను. ఎండిపోయిన చెట్లను నరికి మొద్దులు ఒక పక్క, కొమ్మలు ఒక పక్క వేస్తూ ఉన్నాను. నాలుగోరోజు నాయన వచ్చాడు. కర్ర పొడుచుకుంటూ, బురదలో కాళ్ళు పీక్కుంటూ వచ్చి, పడిన మొద్దు మీద కూర్చున్నాడు. చాలాసేపు నేను నరకడమే చూశాడు.

"ఇంకొక్క వారం," అన్నాడు.

నేను చేయి ఆపలేదు.

"దినానికి నాలుగు వేళ్ళు. నలభైయొకటో దినానికి నీళ్ళు మొదళ్ళు దిగిపోవల్ల. అంతా సూసుకొనే పెట్టినా ఆ చీల. రాజారత్నానికి ఈత రాదు. ఓటు అంటే నమ్మినాడు. వాడు తిరుక్కొని పోతా ఉంటే నిన్నెవురు దిగమన్నార్రా?"

గొడ్డలి మొద్దులో దిగబడింది. అట్లాగే వదిలేసి ఆయన వైపు తిరిగాను.

"నేనే అని అందరి ముందర అంటే, గమ్మునుంటివే నాయనా?"

నాయన కర్రతో బురదలో గీతలు గీశాడు.

"నోరు తెరిసింటే తూము నా చేత తీయిస్తారా? ఇరవైమూడేండ్లు కూసున్నా కదరా దానికోసరం."

ఆ మాట అనడానికి ఆయన సిగ్గుపడలేదు. అబద్ధమూ ఆడలేదు. నాకు ఒళ్ళంతా మండిపోయింది. కొట్టేవాణ్ణేమో, వేరే మనిషయితే.

"అయితే నాకు ముందే ఒక మాట సెప్పలేదే?" అని అరిచాను. "ఒక్క మాట! ఇట్ల సేసినా, నోరు మూసుకోనుండు అని ఒక్క మాట సెప్పింటే..."

"నువ్వు నాతో మాట్లాడితే గదరా, సెప్పేది," అన్నాడు నాయన.

గొడ్డలిని ఊపి ఊపి లాగాను. వచ్చింది. ఇంకా డెబ్బై చెట్లు మిగిలి ఉన్నాయి.